పక్షిశాస్త్రవేత్త సలీం అలీ

సముద్రమును పూడ్చి, ఏడు దీవులను కలిపి కట్టిన మహానగరము బొంబాయి. 1896వ సంవత్సరము నవంబరు 12వ తేదీన సలీం అలీ ఆ నగరమున జన్మించెను. ఏడాది ప్రాయమున తండ్రియు, మూడేండ్ల ప్రాయమున తల్లియు గతింపగా, మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీయు, సంతానము లేని ఆయన భార్య హమీదాబేగమును ఖేత్‌వాడీలోని తమ యింట ఆయనను పెంచిరి.

మేనమామకు వేటయం దాసక్తి మెండు. మేనల్లునకు గాలితుపాకి నొకదాని నిచ్చెను. పదేండ్లు దాటిన సలీం దానితో పిచ్చుకలను కొట్టుచుండగా, ఒకనాడు గొంతున పసుపు మచ్చ గల పిట్ట యొకటి నేలకూలెను. అది యే జాతిదో మేనమామ చెప్పలేక, తాను సభ్యుడుగా నున్న బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు చీటి వ్రాసి పంపెను. 1883లో స్థాపింపబడిన ఆ సంఘమునకు అప్పుడు మిల్లార్డు దొర కార్యదర్శి. బెదరుచు వచ్చిన బాలుని ఆయన కసరి పంపలేదు. పిట్ట పేరు చెప్పి, బీరువాలు తెరచి, భద్రపరచిన పక్షుల నన్నిటిని చూపి, చదువుకొనుటకు పుస్తకముల నిచ్చెను. గ్రంథాలయము నడుపు మనబోంట్లకు ఈ ఘట్టము మిక్కిలి రుచించును. ఆ దినమున ఆ దొర తీరిక లేదనియుండిన ఏమగునో!

కళాశాల చదువు ఆయనకు అంతగా సాగలేదు. బర్మాలో సోదరుని వ్యాపారమున కొంతకాల ముండి, అక్కడను పిట్టల వెంటనే తిరిగెను. 1918లో తెహ్మీనాను వివాహమాడెను. 1926లో బొంబాయి వస్తుప్రదర్శనశాలలో ఉద్యోగము దొరకినది. సెలవుపై జర్మనీ కేగి, బెర్లినులో స్ట్రెసెమాను పండితుని కడ శాస్త్రము నభ్యసించి 1930లో మరలి వచ్చునప్పటికి, డబ్బు లేదని ఆ ఉద్యోగమునే తీసివేసిరి. పట్టము లేనివానికి వేరొక కొలువు దొరకుట దుర్లభము. దంపతులు రేవున కావలి యొడ్డున, అలీబాగు చెంతనున్న కిహీం గ్రామమునకు చేరిరి.

అచ్చట ఇంటి సమీపముననే గిజిగాండ్లు గూళ్లు కట్టుచుండెను. వర్షకాలమంతయు ఆయన వానిని కనిపెట్టి చూచెను. మగపక్షి సగము గూడల్లి నిలుపును. ఆడుపక్షి వచ్చి పరీక్షించి, మెచ్చినచో ప్రవేశించును. ఆమె గ్రుడ్లు పెట్టగనే మగనిది మరియొక గూటికి, మరియొక భార్యకు ప్రయత్నము. మన పొలములలో ఈతచెట్లకు వ్రేలాడు ఆ గూళ్లను చూడని వారుండరు గాని, ఇంత ఓపికతో చూచినవా రరుదు. ఉద్యోగము పోయిన యేడాదియే ఆయనకు కీర్తి తెచ్చినది.

1931-32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించుటకు పూనుకొనెను. బస ఖర్చులు భరించిన చాలును, జీతము వలదని తానే చెప్పెను. తెహ్మీనాయు గుడారములలో తోడుండెను. 1939లో చిన్న శస్త్రచికిత్స తరువాత ఆమె మరణించినది. ఆయన మరల వివాహమాడలేదు. 1941లో భారతీయ పక్షులను గూర్చిన ఆయన పుస్తకము వెలువడి, సామాన్యుడును పిట్టను గుర్తుపట్టుటకు దారి చూపెను. రిప్లీ పండితునితో కూర్చిన పది సంపుటముల మహాగ్రంథము 1968-74 మధ్య వెలువడెను.

శాస్త్రము కొరకు ఆయన పక్షులను కాల్చుచునే యుండెను. ఈ సంగతి కొందరికి మింగుడుపడదు. దాచుట మాత్రము న్యాయము కాదు. అయితే వినోదమునకై చంపుట వేరు. 1938లో భరత్‌పూరు చెరువున ఒక్క దినమున 4,273 పక్షులను కూల్చిన వేట జరిగినది. అట్టి చెరువును పక్షులకే విడిపించుటకు ఆయన చిరకాలము పాటుపడెను. 1985లో అది ప్రపంచ వారసత్వ స్థలమయ్యెను. 1976లో గెట్టీ బహుమానముగా వచ్చిన 50,000 డాలర్లలో అధికభాగమును ప్రకృతి రక్షణ నిధికే యిచ్చెను.

మన సీమకు సంబంధించిన కోరిక యొకటి ఆయన కుండెను. పెన్నానదీ ప్రాంతమున 1848లో జెర్డాను దొర కనుగొనిన కలివికోడి 1900 తరువాత ఎవరికిని కనబడలేదు. అది అంతరించెననియే పలువురు తలచిరి. ఆయన సంఘమువారు ఊరూర వేటగాండ్రను విచారించుచు వెదకిరి. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె చెంత ఆ పక్షి దొరకినది. అప్పటికి సలీం అలీకి 89 ఏండ్లు. మరుసటి సంవత్సరము జూన్ 20వ తేదీన బొంబాయిలోనే ఆయన కన్నుమూసెను.