జెస్సీ ఓవెన్స్: మెడలో పతకాలు, చేతికి రాని పట్టా

మన ఇళ్లలో పిల్లవాడు ఆటల్లో ముందుంటే తల్లిదండ్రులకు రెండు భయాలు. ఆడనిస్తే చదువు పాడవుతుందేమో, ఆపేస్తే వాడిలో ఉన్న హునర్ మట్టిలో కలుస్తుందేమో. ఈ రెంటినీ కలిపి నడిపించేది వజీఫా, అంటే స్కాలర్‌షిప్. అది అందకపోతే ఎంత గొప్ప ఆటగాడికైనా ఏమవుతుందో తెలియాలంటే అమెరికా పరుగు వీరుడు జెస్సీ ఓవెన్స్ జీవితం తెలుసుకోవాలి.

ఓవెన్స్ 1913 సెప్టెంబర్ 12న అలబామా రాష్ట్రంలోని ఓక్‌విల్ అనే పల్లెలో పుట్టాడు. పూర్వీకులు బానిసలు. తండ్రి పరుల భూమి దున్ని పంటలో పాలు ఇచ్చుకునే పేద రైతు. పదిమంది సంతానంలో ఇతడే ఆఖరివాడు. అసలు పేరు జేమ్స్ క్లీవ్‌లాండ్, ఇంట్లో జె.సి. అనేవారు. తొమ్మిదేళ్లప్పుడు కుటుంబం బ్రతుకుతెరువు కోసం ఒహాయో రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్ నగరానికి వలస వెళ్లింది. కొత్త బడిలో టీచరు పేరు అడిగితే జె.సి. అన్నాడు. ఆ దక్షిణాది యాస టీచరు చెవికి జెస్సీ అని వినపడింది. లోకంలో ఆ పేరే నిలిచిపోయింది.

బడి వదిలాక కిరాణా సరుకులు చేరవేయడం, చెప్పులు బాగుచేసే దుకాణంలో పనిచేయడం. అందుకని సాయంత్రం ప్రాక్టీసుకు రాలేకపోయేవాడు. కోచ్ చార్లెస్ రైలీ అతన్ని వదిలేయలేదు. పొద్దున్నే, బడి గంట కొట్టకముందే, అతనికి నేర్పడం మొదలుపెట్టాడు. మాబోటి ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగ్గ సంగతి ఇది. కుర్రవాడు పనీ మానలేదు, చదువూ మానలేదు, ఆటా మానలేదు. వాడి కోసం వేళ మార్చుకునే మనిషి ఒకడు దొరికాడు, అంతే. 1933లో హైస్కూలు విద్యార్థిగా ఉండగానే 100 గజాలు 9.4 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డును అందుకున్నాడు.

తరువాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. ఇంతటి ఆటగాడికి అక్కడ స్కాలర్‌షిప్ లేదు. రాష్ట్ర ప్రభుత్వ భవనంలో సరుకుల లిఫ్టు నడిపి ఖర్చులు గడుపుకున్నాడు. నల్లజాతివాడు గనుక క్యాంపస్ బయట బస. జట్టుతో వేరే ఊరు వెళితే తెల్లవాళ్ల హోటల్లో అన్నం పుట్టేది కాదు. 1935లో పెళ్లయి సంసారం కూడా మీద పడింది. క్లాసులు, ప్రాక్టీసు, నౌకరీ, పోటీల ప్రయాణాలు. వీటిలో వెనకబడింది చదువే.

పరుగు మాత్రం ఆగలేదు. 1935 మే 25న యాన్ ఆర్బర్‌లో, నడుము నొప్పితోనే బరిలో దిగి, ముప్పావు గంటలో మూడు ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టి, నాలుగోదాన్ని సమం చేశాడు. ఆనాటి 8.13 మీటర్ల లాంగ్‌జంప్ రికార్డు 1960 దాకా చెక్కుచెదరలేదు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు, 200 మీటర్లు, లాంగ్‌జంప్, రిలే, నాలుగింటిలోనూ బంగారు పతకాలు గెలిచాడు. తమ జాతే గొప్పదని చాటుకున్న హిట్లర్ గడ్డ మీదే ఈ విజయం.

ఇంతా చేసి ఇంటికొస్తే ఏముంది? ఒలింపిక్స్ తరువాత యూరప్‌లో జరిపిన పోటీల పర్యటన మధ్యలో వదిలి వచ్చాడని క్రీడా సంఘం సస్పెండ్ చేసింది. ఇరవైమూడేళ్లు నిండకముందే పోటీ జీవితం ముగిసింది. చేతిలో డిగ్రీ లేదు. పొట్ట కోసం జనం ముందు గుర్రాలతో పందెం పరుగెత్తాడు. బట్టలు శుభ్రం చేసే వ్యాపారం పెట్టి నష్టపోయి 1939లో దివాలా తీశాడు. 1940లో, భార్యాబిడ్డల బరువుతో, మళ్లీ అదే యూనివర్సిటీకి వెళ్లాడు. మార్కులు చాలలేదు. 1941లో చదువు శాశ్వతంగా ఆగిపోయింది.

మనిషి మాత్రం కుంగిపోలేదు. తరువాత షికాగోలో పిల్లల సంక్షేమానికి పనిచేశాడు. 1955లో అమెరికా సౌహార్ద రాయబారిగా మన దేశానికీ వచ్చాడు. 1972లో ఒహాయో స్టేట్ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. చదివి తెచ్చుకోవలసిన పట్టా సన్మానంగా వచ్చేసరికి వయసు యాభై ఎనిమిది దాటింది. 1980 మార్చి 31న ఊపిరితిత్తుల కాన్సర్‌తో కన్నుమూశాడు.

అమెరికా కాలేజీల క్రీడా సంఘం 1956లో ఆటగాళ్లకు ఫీజు, బస, భోజనం, పుస్తకాల ఖర్చు ఇవ్వడానికి అనుమతించింది. ఓవెన్స్‌కు అది ఇరవై ఏళ్లు ఆలస్యం. ఆయన పోయాక ఆయన పేర ఏర్పడిన ఫౌండేషన్ యువతకు స్కాలర్‌షిప్‌లు ఇచ్చింది. తనకు దక్కనిది తన పేరు మీద ఇతరులకు దక్కింది.

కాళ్లలో బలం కొన్నేళ్లే. చదువు చివరిదాకా తోడుంటుంది. కనుక పెద్దలారా, కప్పు గెలిచి వచ్చిన పిల్లవాడికి పూలదండ వేసే రోజున, వాడి ఫీజు ఎవరు కడుతున్నారో కూడా అడుగుదాం. వాడు ప్రాక్టీసుకు వెళ్లిన రోజు పోయిన పాఠం మళ్లీ ఎవరు చెబుతారో కూడా చూద్దాం.