కొండ ముందు చిన్నవాడు: జాన్ మ్యూర్ జీవితం

పొద్దున్నే పిల్లల్ని నిద్ర లేపడం ఎంత కష్టమో పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చే ప్రతి అమ్మా నాన్నా చెబుతూనే ఉంటారు. అలాంటి వాళ్లకి బాగా నచ్చే మంచం ఒకటి నూట అరవై ఏళ్ల కిందటే అమెరికాలో ఒక రైతు కుర్రాడు తయారు చేశాడు. తను చెక్కతో చేసిన గడియారానికి మంచాన్ని కలిపాడు. పెట్టుకున్న టైమ్ కాగానే మంచం ఒరిగిపోయి, పడుకున్న మనిషిని కాళ్ల మీద నిలబెట్టేది. యూనివర్సిటీలో చేరాక ఇంకా గమ్మత్తైన బల్ల ఒకటి చేశాడు. అందులో ఒక పుస్తకం పైకి వచ్చి తెరుచుకుంటుంది, ఇన్ని నిమిషాలని పెట్టిన టైమ్ అయిపోగానే కిందికి వెళ్లిపోతుంది, వెంటనే తర్వాతి పుస్తకం వస్తుంది. ఈ సంగతి ఎయిత్ క్లాస్‌లో చెప్పినప్పుడు పిల్లలు ముందు నవ్వారు. తర్వాత కాస్త కంగారుగా, అది మన స్టడీ అవర్స్‌కి తీసుకురాకండి మేడమ్ అని బతిమాలారు.

ఆ కుర్రాడి పేరు జాన్ మ్యూర్. ఇన్ని యంత్రాలు చేసినవాడు తర్వాత వాటన్నిటినీ పక్కన పెట్టి, రొట్టె ముక్కలు, కాస్త టీ పొడి మూటగట్టుకుని కొండల్లోకి నడిచి వెళ్లిపోయాడు. ఎందుకు వెళ్లాడన్నదే నాకు ఆసక్తి.

జాన్ 1838 ఏప్రిల్ 21న స్కాట్లాండ్‌లో డన్‌బార్ అనే సముద్రతీర పట్టణంలో పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో మూడోవాడు. 1849లో కుటుంబం అమెరికాకు వలస వెళ్లి విస్కాన్సిన్ అడవుల్లో పొలం చేసుకుంది. తండ్రి డేనియల్ మహా భక్తిపరుడు, అంత కఠినుడు కూడా. బైబిల్ కొత్త నిబంధన మొత్తం, పాత నిబంధనలో చాలా భాగం కొడుకుకి కంఠతా వచ్చేశాయి. వెనకాల దెబ్బల భయం ఉంది మరి. ఆ ఇంట్లో బావి తవ్విన కథ ఒక్కటి చాలు. పైన మట్టి పది అడుగులే, ఆ కింద అంతా ఇసుకరాయి. ఉలి, సుత్తితో ఆ రాయిని చెక్కే పని జాన్ మీద పడింది. పొద్దున బకెట్‌లో కూర్చోబెట్టి కిందికి దించేవారు. మధ్యాహ్నం భోజనానికి పైకి లాగి, మళ్లీ చీకటి పడేదాకా దించేవారు. నెలల తరబడి ఇదే. దాదాపు 80 అడుగుల లోతుకి వెళ్లాక ఒక ఉదయం అడుగున పేరుకున్న విషవాయువు వల్ల స్పృహ తప్పబోయాడు. పైనుంచి తండ్రి కేకలు విని ఎలాగో బకెట్‌లోకి ఎక్కాడు కాబట్టి బతికాడు. ఒకటి రెండు రోజులు పడుకోనిచ్చి మళ్లీ దించారు. 90 అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి.

ఈ తండ్రిని ఆయన క్షమించారా అని క్లాసులో ఒక అమ్మాయి అడిగింది. దానికి నేను చెప్పగలిగింది ఒక్కటే. 1885లో తండ్రి చివరి రోజుల్లో ఉన్నారని మనసుకి అనిపించి, మ్యూర్ కాలిఫోర్నియా నుంచి బయల్దేరి వెళ్లారు. తోబుట్టువులను కూడా పిలిపించారు. తండ్రి కన్నుమూసినప్పుడు మంచం పక్కనే ఉన్నారు.

1860లో మాడిసన్ నగరంలో జరిగిన ఎగ్జిబిషన్‌లో ఆయన యంత్రాలను చూడటానికి జనం విరగబడ్డారు. తర్వాత యూనివర్సిటీలో కొన్నాళ్లు చదివారు, డిగ్రీ పూర్తి చేయలేదు. 1867 నాటికి ఇండియానాపొలిస్‌లో బండి చక్రాలు, విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో మంచి పేరున్న ఉద్యోగి. ఆ మార్చిలో యంత్రం బెల్టు విప్పుతుంటే చేతిలోని ఆకురాయి జారి మొన కుడికంట్లో గుచ్చుకుంది. కొద్ది సేపటికి ఎడమకన్ను కూడా చూపు కోల్పోయింది. చీకటి గదిలో వారాల తరబడి పడుకున్నారు. ఇక ఒక పువ్వుని కూడా చూడలేనేమో అన్న దిగులే ఎక్కువ. అదృష్టవశాత్తు చూపు తిరిగి వచ్చింది. ఫ్యాక్టరీవాళ్లు మళ్లీ రమ్మన్నారు, పైకి వచ్చే దారి కూడా ఉంది. ఆయన మాత్రం ఆ సెప్టెంబరులో కెంటకీ నుంచి ఫ్లోరిడా సముద్రతీరం దాకా సుమారు 1,600 కిలోమీటర్లు నడుచుకుంటూ వెళ్లారు. దారి పొడవునా మొక్కలు సేకరించారు. చివర్లో మలేరియా పట్టుకుంది. అక్కడి నుంచి దక్షిణ అమెరికా వెళ్లాలనుకున్న ఆలోచన మానుకుని, 1868 మార్చిలో కాలిఫోర్నియా చేరారు.

అప్పటికి ఆయన వయసు 29. నాది కూడా దాదాపు అంతే. చేతిలో ఉద్యోగం వదులుకుని మొక్కలు చూసుకుంటూ నడుస్తానంటే మా ఇంట్లో ఏమంటారో నాకు బాగా తెలుసు.

1869 వేసవిలో సియెర్రా నెవాడా పర్వతాల మీదికి రెండు వేలకు పైగా గొర్రెలను తోలుకుపోయే మంద వెంట వెళ్లారు. యోసెమిటీ లోయ అంచుకి చేరిన రోజుల్లో జరిగిన సంఘటన ఇది. అక్కడ ఒక వాగు కొండ అంచు నుంచి కిందికి దూకుతుంది. మూడు అంచెలూ కలిపి ఆ జలపాతం ఎత్తు 739 మీటర్లు. నీళ్లు గాలిలోకి దూకే చోటు నుంచే కిందికి చూడాలని మ్యూర్‌కి కోరిక పుట్టింది. బూట్లు, మేజోళ్లు విప్పేసి, నున్నటి రాతి మీద పాకుతూ దిగారు. మడమ ఆనేంత వెడల్పున్న రాతి గట్టు మీద నిలబడి, తల తిరగకుండా నోట్లో చేదు ఆకులు నములుతూ కిందికి చూశారు. చూస్తున్నంతసేపూ భయం లేదు. ఆ రాత్రి మాత్రం కొండ మీంచి పడిపోతున్నట్టు కలలొచ్చి మాటిమాటికీ ఉలిక్కిపడి లేచారు. ఆ రెండోది కూడా ఆయన దాచుకోకుండా రాసుకున్నందుకు నాకు ఆయన మీద నమ్మకం కలిగింది.

తర్వాత ఆ లోయలోనే ఒక రంపపు మిల్లులో పని చేస్తూ ఉండిపోయారు. వాగు నీళ్లు పాయగా లోపలి నుంచే పారేలా ఒక చిన్న గుడిసె కట్టుకున్నారు. 1872 మార్చి 26, తెల్లవారుజామున రెండున్నర ప్రాంతం. పెద్ద భూకంపం వచ్చింది. ఇలాంటప్పుడు మనం ఏం చేస్తాం? దూరంగా పరుగెత్తుతాం. మ్యూర్ కూడా భయపడ్డారు, ఒక చెట్టు చాటున నిలబడ్డారు. కానీ ఎదురుగా ఒక పెద్ద బండ కొండ నుంచి విరిగి, వేల ముక్కలై, నిప్పురవ్వలు చిమ్ముతూ దొర్లిపడుతుంటే ఆయన భయం ఆనందంగా మారింది. దుమ్ము ఇంకా అణగకముందే ఆ రాళ్ల గుట్ట మీదికి ఎక్కేశారు. లోయ అడుగున పడి ఉన్న పాత రాళ్ల గుట్టలు కూడా ఇలాంటి భూకంపాల్లోనే పుట్టాయని ఆయన అనుమానం. అది కళ్లముందే జరిగింది.

అదే ఏడాది అక్టోబరులో మౌంట్ రిట్టర్ ఎక్కారు. సుమారు 4,000 మీటర్ల ఎత్తు. ఒంటరిగా, తాడు లేకుండా. సగం ఎక్కాక నిట్టనిలువు రాతి గోడ మీద ఇరుక్కుపోయారు. చేతులు రెండూ చాచి రాతిని కరుచుకున్నారు. పైకి పట్టు దొరకదు, కిందికి దిగలేరు. ఇక పడిపోతానని ఖాయం చేసుకున్నారు. ఆ క్షణంలో తల మొద్దుబారింది, కొద్దిసేపటికి ఉన్నట్టుండి తేటపడింది. రాతిలోని ప్రతి చీలికా స్పష్టంగా కనిపించింది. కాళ్లూ చేతులూ తనవి కానట్టు, ఇంకెవరో నడిపిస్తున్నట్టు కదిలాయి. శిఖరం చేరారు. కొండను జయించాననే ధోరణి ఆయన రాతల్లో లేదు. తను ఎంత చిన్నవాడో తెలిసింది, అయినా ఆ తెలియడంలో అవమానం లేదు.

ఇంత చిన్నవాడినని ఒప్పుకున్న మనిషి, పెద్ద శాస్త్రవేత్తల ముందు మాత్రం తగ్గలేదు. ఆ లోయ నేల కుంగడం వల్ల ఏర్పడిందని కాలిఫోర్నియా ప్రభుత్వ భూగర్భ శాస్త్రవేత్త జోసయ్య విట్నీ చెప్పేవారు. కాదు, హిమానీనదాలు చెక్కాయని మ్యూర్ అన్నారు. గొర్రెలు కాసేవాడి మాటగా కొట్టిపారేశారు. మ్యూర్ 1872లో మంచుమీద వరసగా మేకులు పాతి, 46 రోజుల తర్వాత వెళ్లి కొలిచారు. ఒకటి 47 అంగుళాలు జరిగింది. అంటే రోజుకి దాదాపు ఒక అంగుళం. ఆ కొండల్లో హిమానీనదాలు ఇంకా బతికే ఉన్నాయని అలా తేలింది. లోయ రూపం విషయంలో కూడా తర్వాతి పరిశోధనలు చాలావరకు ఆయన వైపే నిలిచాయి.

1880లో లూయీ స్ట్రెంజెల్‌ని పెళ్లి చేసుకుని, మార్టినెజ్‌లో మామగారి పండ్లతోటలు చూసుకున్నారు. ఇద్దరు కూతుళ్లు, వాండా, హెలెన్. తోటల్లో బాగానే సంపాదించారు, ఆరోగ్యం మాత్రం దిగజారింది. చివరికి భార్యే, తోట పని తగ్గించుకుని మళ్లీ కొండలకు, రచనకు వెళ్లమని ఉత్తరం రాశారు. ఆమె గురించి పుస్తకాల్లో రెండు వాక్యాలకు మించి ఉండవు.

ఆ తర్వాతి సంగతులు చాలామందికి తెలిసినవే. 1890లో యోసెమిటీ నేషనల్ పార్క్ ఏర్పాటైంది, 1892లో సియెర్రా క్లబ్ పుట్టింది. 1903 మేలో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆయనతో మూడు రాత్రులు అడవిలో గడిపారు. ఒక రాత్రి దుప్పట్ల మీద మంచు కురిసింది, తెల్లారి లేచిన అధ్యక్షుడు చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. అదే ఏడాది మొదలుపెట్టిన ప్రపంచ యాత్రలో మ్యూర్ మన దేశానికి కూడా వచ్చి, సిమ్లా కొండల్లో దేవదారు చెట్లు చూసి వెళ్లారు.

పిల్లలకు దాచకూడనిది ఒకటుంది. ఎవరూ లేని అడవి అని ఆయన మెచ్చుకున్న ఆ లోయలో అహ్వానీచీ ప్రజలు తరతరాలుగా ఉన్నారు. 1851లో సాయుధ దళం వారిని తరిమేసింది. మూలవాసుల గురించి మ్యూర్ మొదట్లో చులకనగా రాశారు. అలాస్కాలో ట్లింగిట్ పడవవాళ్లతో తిరిగాక ఆయన ధోరణి కొంత మారింది. 2020లో ఆయన స్థాపించిన సియెర్రా క్లబ్బే ఆ రాతలను తప్పుపట్టింది. కొండ ముందు అంత తగ్గిన మనిషికి, కొండ దగ్గర బతికేవాళ్ల ముందు తగ్గడానికి అంతకాలం పట్టింది.

చివరి పోరాటం యోసెమిటీ పార్కులోనే ఉన్న హెచ్ హెచీ లోయ కోసం. 1906 భూకంపం, మంటల తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోకి నీళ్లు కావాలి. ఆ లోయకి అడ్డంగా డ్యామ్ కడతామన్నారు. నగరం అవసరం అబద్ధం కాదు, అందుకే ఈ గొడవ ఏళ్ల తరబడి తెగలేదు. 1913 డిసెంబరులో డ్యామ్‌కి అనుమతిచ్చే చట్టం మీద అధ్యక్షుడు విల్సన్ సంతకం చేశారు. మ్యూర్ ఓడిపోయారు. సుమారు ఏడాదికి, 1914 డిసెంబరు 24న, లాస్ ఏంజెలెస్ ఆసుపత్రిలో న్యుమోనియాతో చనిపోయారు. వయసు 76. మంచం దగ్గర అలాస్కా హిమానీనదాల గురించి రాస్తున్న పుస్తకం కాగితాలున్నాయి, ఇంకా దిద్దుతూనే ఉన్నారు.