మంచాన పడినా మహాసాగరాలు దాటిన కలం

చేపవలె నీటిలో శ్వాసించే యువకుడు... మొండెం లేకుండా ఆలోచించే శిరస్సు... రెక్కలు లేకుండానే గగనంలో విహరించే బాలుడు... ఈ ముగ్గురినీ సృష్టించిన రచయిత నిండు యౌవనంలో ఆరేళ్ల పాటు మంచానికే పరిమితమయ్యారు. అందులో మూడేళ్లు పిండికట్టులోనే గడిపారు. రష్యన్ పాఠకులు తమ జూల్స్ వెర్న్‌గా చెప్పుకునే అలెగ్జాండర్ రొమానొవిచ్ బెల్యాయెవ్ జీవితం ఆయన రాసిన ఏ నవలకూ తీసిపోదు. సోవియట్ దేశంలో వైజ్ఞానిక కాల్పనిక సాహిత్యానికి బాట వేసిన ఆ మహారచయిత 1942 జనవరి 6న నాజీ సైన్యం ఆక్రమించిన ఒక చిన్న పట్టణంలో ఆకలితో కన్నుమూశారు.

మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసిన పుస్తకాలు విశాలాంధ్ర విక్రయశాలల ద్వారా మన జిల్లాల్లోని మారుమూల గ్రంథాలయాలకు సైతం చేరిన కాలం ఒకటుండేది. నున్నని కాగితం, రంగురంగుల బొమ్మలు, తక్కువ వెల... ఆ పుస్తకాలతో అక్షరాభిరుచి పెంచుకున్న తరం ఇప్పటికీ ఉంది. ఆ తరానికి గోర్కీ, టాల్‌స్టాయ్, చెహోవ్‌ల పేర్లు చిరపరిచితం. వారి సరసన నిలిచి కోట్లాది సోవియట్ బాలబాలికలకు విజ్ఞాన శాస్త్రంపై మక్కువ కలిగించిన బెల్యాయెవ్ పేరు మాత్రం మనవారికి అంతగా తెలియదు.

మతాచార్యుని ఇంట జననం

రష్యా పశ్చిమ ప్రాంతంలోని స్మొలెన్‌స్క్ నగరంలో 1884 మార్చి 16న బెల్యాయెవ్ జన్మించారు. తండ్రి ఆర్థడాక్స్ క్రైస్తవ మతాచార్యుడు. ముగ్గురు సంతానంలో సోదరి బాల్యంలోనే కణితి వ్యాధితో మరణించింది. పశువైద్య విద్య అభ్యసిస్తున్న సోదరుడు పడవ ప్రమాదంలో నీట మునిగి చనిపోయాడు. మిగిలింది అలెగ్జాండర్ ఒక్కడే. సహజంగానే తల్లిదండ్రుల ఆశలన్నీ ఆయనపైనే నిలిచాయి.

చిన్ననాటి నుంచి ఆ బాలుడికి ఎగరాలన్న తపన మెండు. ఇంటి కప్పుల మీది నుంచి దూకి దెబ్బలు తగిలించుకున్న సందర్భాలను జీవిత చరిత్రకారులు ప్రస్తావిస్తారు. తన వారసునిగా మతాచార్యుడు కావాలని తండ్రి ఆయనను వేదాంత పాఠశాలలో చేర్పించారు. 1901లో ఆ చదువు పూర్తిచేసినా కుమారుని మనసు ఆ వైపు మొగ్గలేదు. యారొస్లావ్ల్ నగరంలోని దెమిదోవ్ విద్యాలయంలో న్యాయశాస్త్రం అభ్యసించారు. 1905లో తండ్రి మరణించడంతో కుటుంబ భారం మీద పడింది. ట్యూషన్లు చెప్పారు. నాటకశాలలకు తెరలు చిత్రించారు. సర్కస్ వాద్యబృందంలో వయొలిన్ వాయించారు. ఎట్టకేలకు పట్టా పుచ్చుకుని స్వస్థలంలో న్యాయవాద వృత్తి చేపట్టి పేరు తెచ్చుకున్నారు. చేతిలో డబ్బు ఆడింది. పుస్తకాలు, చిత్రాలు కొన్నారు. 1913లో ఇటలీ, ఫ్రాన్స్ తదితర దేశాలను చుట్టివచ్చారు. నాటకాలపై సమీక్షలు రాశారు. 1914లో పిల్లల కోసం ఆయన రాసిన నాటిక అచ్చయింది.

విధి ఆడిన వికృత క్రీడ

జీవితం గాడిన పడిందనుకుంటున్న తరుణంలో, ముప్పై ఏళ్లు దాటిన కొద్దికాలానికే, ఊపిరితిత్తుల పొర వాపుతో మొదలైన అనారోగ్యం వెన్నెముక క్షయకు దారితీసింది. కాళ్లు చచ్చుబడ్డాయి. భార్య విడిచి వెళ్లారు. వృద్ధురాలైన తల్లి ఇల్లు వదిలి, కుమారుణ్ని వెంటబెట్టుకుని నల్లసముద్ర తీరంలోని యాల్టా పట్టణానికి తరలివెళ్లింది. అక్కడి సముద్రపు గాలికి స్వస్థత చేకూరుతుందని ఆమె ఆశ.

బయట దేశం అట్టుడుకుతోంది. ప్రపంచయుద్ధం, విప్లవం, అంతర్యుద్ధం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. యాల్టాలో ప్రభుత్వాలు మారుతున్నాయి. తినడానికి తిండి కరవైంది. 1919లో తల్లి మరణించింది. తనకోసం సర్వం త్యాగం చేసిన ఆ తల్లి అంతిమయాత్రలో నాలుగడుగులు వేసే శక్తి కూడా ఆ కుమారునికి లేకపోయింది. మంచంపై నుంచే ఆమెకు వీడ్కోలు చెప్పవలసి వచ్చింది.

ఆ నిస్సహాయ స్థితిలోనూ ఆయన చదువు మానలేదు. విదేశీ భాషలు నేర్చుకున్నారు. వైద్యం, జీవశాస్త్రం, చరిత్ర, సాంకేతిక శాస్త్రాల గ్రంథాలు తెప్పించుకుని చదివారు. వెర్న్, వెల్స్‌ల నవలలను మననం చేసుకున్నారు. కలూగ పట్టణంలో సామాన్య ఉపాధ్యాయునిగా పనిచేస్తూ రాకెట్ ప్రయాణ సూత్రాలను ప్రతిపాదించిన త్సియోల్కోవ్‌స్కీ రచనలు ఆయన ఆలోచనలను అంతరిక్షం వైపు మళ్లించాయి. మంచం దాటలేని మనిషికి, భూమ్యాకర్షణను దాటే మార్గం చెప్పిన ఆ ఉపాధ్యాయుడు గురుతుల్యుడయ్యాడు.

1922 నాటికి ఆరోగ్యం కొంత కుదుటపడింది. వెన్నుకు ప్రత్యేక కవచం బిగించుకుని లేచి నిలబడ్డారు. కష్టకాలంలో అండగా నిలిచిన మార్గరీటను వివాహమాడారు. యాల్టాలో అనాథ బాలల ఆశ్రమంలోనూ, నేర పరిశోధక విభాగంలోనూ చిన్న ఉద్యోగాలు చేశారు. 1923లో దంపతులు మాస్కో చేరుకున్నారు. తపాలా శాఖలో, అనంతరం విద్యాశాఖలో న్యాయ సలహాదారుగా పనిచేస్తూ రాత్రివేళల్లో రచనా వ్యాసంగం సాగించారు. అప్పటికి ఆయన వయసు నలభైకి చేరువలో ఉంది.

శిరస్సు మాత్రమే మిగిలిన మనిషి

1925లో వెలువడిన 'ప్రొఫెసర్ డోవెల్ శిరస్సు' కథ ఆయనకు ఒక్కసారిగా పేరు తెచ్చిపెట్టింది. ఒక మహాశాస్త్రవేత్త మరణించగా, ఆయన సహాయకుడు శిరస్సును మొండెం నుంచి వేరుచేసి, గొట్టాల ద్వారా ద్రవాలు ఎక్కించి బతికిస్తాడు. ఆ మేధస్సును పీల్చి పిప్పిచేసి, ఆ ఆవిష్కరణలను తనవిగా ప్రకటించుకోజూస్తాడు. చూడగల, ఆలోచించగల ఆ శిరస్సుకు చేతులు లేవు. ముఖం మీద వాలిన పురుగును తోలుకోలేదు.

ఈ కథకు మూలం తన రోగశయ్యేనని రచయిత అనంతర కాలంలో చెప్పుకున్నారు. మెదడు చురుకుగా పనిచేస్తున్నా దేహం మాట వినని స్థితి ఎంతటి నరకమో ఆయనకు స్వానుభవం. అందుకే ఆ కథలో భయానక దృశ్యాల కన్నా ఆ శాస్త్రవేత్త వేదనే పాఠకుని వెంటాడుతుంది. 1937లో దీనిని పూర్తిస్థాయి నవలగా విస్తరించారు. కథ వెలువడిన మూడేళ్లకు, 1928లో, సోవియట్ వైద్యుడు బ్ర్యుఖొనెన్కో తాను రూపొందించిన రక్తప్రసరణ యంత్రంతో కుక్క తలను కొంతసేపు సజీవంగా ఉంచి శాస్త్రవేత్తల ఎదుట ప్రదర్శించారు. నేడు గుండె శస్త్రచికిత్సల్లో ప్రాణాలు నిలుపుతున్న యంత్రాలకు అటువంటి ప్రయోగాలే పూర్వరంగమయ్యాయి.

సాగరపుత్రుని విషాదం

1928లో 'వొక్రుగ్ స్వేత' పత్రికలో ధారావాహికంగా వెలువడిన 'ఉభయచర మానవుడు' ఆయనకు శాశ్వత కీర్తిని ఆర్జించిపెట్టింది. కథాస్థలం దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా తీరం. సాల్వటోర్ అనే శస్త్రవైద్యుడు మరణావస్థలో ఉన్న శిశువును కాపాడేందుకు సొరచేప పిల్ల మొప్పలను అమరుస్తాడు. ఆ బాలుడే ఇక్తియాండర్. నేలపైనా, నీటిలోనూ జీవించగల ఆ అమాయకుడు తీరాన ఒక యువతిని చూసి మనసు పారేసుకుంటాడు. అతనిచేత ముత్యాలు ఏరించి కోటీశ్వరుడు కావాలని ముత్యాల వ్యాపారి జురీటా వల పన్నుతాడు. దైవసృష్టిని ధిక్కరించాడంటూ మతాధికారులు వైద్యునిపై కేసు నడుపుతారు. న్యాయవాదిగా రచయిత గడించిన అనుభవం ఆ విచారణ ఘట్టాల్లో అడుగడుగునా కనిపిస్తుంది.

నీటి తొట్టెలో బంధించిన కారణంగా ఇక్తియాండర్ ఊపిరితిత్తులు దెబ్బతిని, గాలిలో ఎక్కువసేపు మనలేని స్థితికి చేరతాడు. చివరకు ప్రియురాలిని, మానవ లోకాన్ని విడిచి ఒంటరిగా సముద్రంలోకి వెళ్లిపోతాడు. అతడు తన బిడ్డేనని నమ్మిన వృద్ధుడు మతి తప్పి, తీరంలో నిలబడి అలలను పిలుస్తూ ఉండిపోతాడు. విజ్ఞానం అద్భుతాలు చేయగలదు గానీ, లాభాపేక్ష రాజ్యమేలే చోట ఆ అద్భుతమే మనిషికి సంకెల కాగలదన్న హెచ్చరిక ఈ నవలకు ప్రాణం. సముద్రగర్భంలో స్వేచ్ఛగా ఈదేందుకు తోడ్పడే శ్వాస పరికరం ఫ్రాన్స్‌లో 1943లో గానీ రూపుదిద్దుకోలేదన్నది గమనార్హం.

పాఠకులు బ్రహ్మరథం పట్టారు. రెండేళ్లలోనే పుస్తకం పలుమార్లు ముద్రణ పొందింది. 'మునిగిన నౌకల దీవి', 'జగత్ప్రభువు', 'గాలి వ్యాపారి' తదితర నవలలు ఆ దశకంలోనే వెలువడ్డాయి. భూగోళంపై ఉన్న గాలినంతటినీ గడ్డకట్టించి దాచి, జనానికి అమ్ముకోజూసే వ్యాపారి కథ చివరిది.

గురువుకు అక్షర నీరాజనం

1930వ దశకం ఆరంభంలో మళ్లీ కష్టాలు చుట్టుముట్టాయి. ఆరేళ్ల పెద్ద కుమార్తె మెదడు పొరల వాపుతో మరణించింది. వెన్నునొప్పి తిరగబెట్టింది. కల్పనా సాహిత్యంపై అధికారిక విమర్శకుల చిన్నచూపు పెరిగి, ప్రచురణావకాశాలు సన్నగిల్లాయి. పొట్టకూటి కోసం ఉత్తర ధ్రువ ప్రాంతంలోని మూర్మన్‌స్క్ రేవుకు వెళ్లి, చేపల వేట సంస్థలో కొంతకాలం ఉద్యోగం చేశారు.

అయినా కలం ఆగలేదు. 1933లో రాసిన 'శూన్యంలోకి దూకుడు' నవల రెండో ముద్రణకు స్వయంగా త్సియోల్కోవ్‌స్కీయే పీఠిక రాశారు. 1934లో లెనిన్‌గ్రాడ్ వచ్చిన ప్రఖ్యాత ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్‌ను బెల్యాయెవ్ కలుసుకున్నారు. 1935లో త్సియోల్కోవ్‌స్కీ మరణించగా, మరుసటి ఏడాది 'కెట్స్ నక్షత్రం' నవల వెలువడింది. కెట్స్ అంటే ఆ శాస్త్రవేత్త పూర్తి పేరులోని తొలి అక్షరాలు. భూమి చుట్టూ తిరిగే కృత్రిమ ఉపగ్రహం, అందులో మొక్కల పెంపకం, ప్రయోగశాలలు, బరువు తెలియని జీవనం ఇందులోని ఇతివృత్తం. తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ నింగికెగసినది 1957లో. తొలి అంతరిక్ష కేంద్రం సల్యూట్ కక్ష్యలోకి చేరినది 1971లో.

మద్రాసు శివారు నుంచి ఎగిరిన ఏరియల్

బెల్యాయెవ్ చివరి నవల 'ఏరియల్' 1941లో వెలువడింది. మన పాఠకులకు ఆసక్తి కలిగించే అంశమేమిటంటే, ఈ కథ ప్రారంభమయ్యేది మద్రాసు పరిసరాల్లో. అప్పటికి కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి. దివ్యజ్ఞాన సమాజీకుల ఆధ్వర్యంలో నడిచే దండారత్ అనే కల్పిత విద్యాలయంలో ఏరియల్ అనే ఆంగ్లేయ బాలుడు పెరుగుతుంటాడు. ఆస్తి కాజేసేందుకు సంరక్షకులు అతణ్ని అక్కడికి చేర్చి ఉంటారు. ఒక శాస్త్రవేత్త ప్రయోగ ఫలితంగా అతనికి ఇచ్ఛామాత్రంతో ఎగిరే శక్తి అబ్బుతుంది. మిత్రుడు శరద్‌ను వీపుపై మోసుకుని ఆ చెర నుంచి ఎగిరిపోతాడు. నిరుపేద కుటుంబానికి చెందిన యువ వితంతువు లోలిత వారికి ఆశ్రయమిస్తుంది.

బెల్యాయెవ్ భారతదేశాన్ని ఎన్నడూ చూడలేదు. ఆయన చిత్రించిన భారతం పుస్తకాల్లో చదివి ఊహించుకున్నదే. అయినా పేదల గుడిసెల పట్ల, కులవివక్షకు గురైనవారి పట్ల ఆయన చూపిన సానుభూతి నిజమైనది. ఐశ్వర్యం, ఆంగ్ల కులీన బిరుదులు చేతికందినా వాటిని కాదని ఏరియల్ ఆ పేద మిత్రుల చెంతకే తిరిగివస్తాడు. నడవడమే గగనమైన దశలో, వెన్నుకు కవచం బిగించుకుని, ఎగిరే మనిషి కథను ఆయన పూర్తిచేశారు. ఇంటికప్పుల మీది నుంచి దూకిన బాలుని కల అలా అక్షరరూపం దాల్చింది.

ఆకలికి బలైన అక్షరం

1938లో కుటుంబం లెనిన్‌గ్రాడ్ సమీపంలోని పుష్కిన్ పట్టణంలో స్థిరపడింది. 1941 జూన్‌లో జర్మనీ దండెత్తింది. శస్త్రచికిత్స చేయించుకుని కోలుకోని స్థితిలో ఉన్న రచయిత ప్రయాణానికి తాళలేక అక్కడే ఉండిపోయారు. సెప్టెంబరులో నాజీ సేనలు పట్టణాన్ని ఆక్రమించాయి. గడ్డకట్టే చలి, తిండి గింజల కొరత. ఎముకల గూడుగా మారిన ఆయన మళ్లీ మంచం పట్టారు. ఈసారి లేవలేదు. 57 ఏళ్ల వయసులో తుదిశ్వాస విడిచారు.

కడగండ్లు అంతటితో ముగియలేదు. శవపేటిక దొరకక రోజుల తరబడి భౌతికకాయం వేచి ఉండవలసి వచ్చింది. పట్టణంలోని కజాన్ శ్మశానవాటికలో ఖననం జరిగినా కచ్చితమైన స్థలం తెలియదు. అక్కడి స్మారక ఫలకమే నేడు అభిమానులకు సమాధి. ఆయన అత్తగారి పూర్వీకులు స్వీడన్ దేశీయులన్న కారణంగా జర్మన్లు భార్యను, కుమార్తె స్వెత్లానాను, అత్తను పోలండ్ శిబిరాలకు తరలించారు. యుద్ధం ముగిసి స్వదేశం చేరినవారిని శత్రువుల పంచన ఉన్నారన్న అనుమానంతో సోవియట్ ప్రభుత్వం సైబీరియా ప్రాంతానికి పంపింది. 1950వ దశకం మధ్యలో గానీ ఆ తల్లీకూతుళ్లకు విముక్తి లభించలేదు.

తెరపై పునర్జన్మ

రచయిత కుటుంబం తేరుకునే నాటికి కాలం మారింది. 1961 ఏప్రిల్ 12న గగారిన్ అంతరిక్షయానంతో దేశమంతటా విజ్ఞాన కథలపై మోజు పెరిగింది. ఆ ఏడాదే 'ఉభయచర మానవుడు' చలనచిత్రంగా రూపొందింది. కజాన్‌స్కీ, చెబొతర్యోవ్‌ల దర్శకత్వంలో, కొరెనెవ్, వెర్తిన్‌స్కయా నాయికానాయకులుగా నటించిన ఆ చిత్రానికి 1962లో ఆరు కోట్లకు పైగా టికెట్లు అమ్ముడుపోయాయి. పుస్తకాలు లక్షల ప్రతుల్లో పునర్ముద్రణ పొంది, పలు ప్రపంచ భాషల్లోకి వెళ్లాయి.

రచయితగా బెల్యాయెవ్‌కు దక్కినది పదిహేడేళ్లు మాత్రమే. ఆ స్వల్ప వ్యవధిలోనే పదిహేనుకు పైగా నవలలు, అనేక కథలు అందించారు. ఏ శక్తులు తన దేహానికి దూరమయ్యాయో వాటినే తన పాత్రలకు ప్రసాదించారు. వైకల్యంతో, దీర్ఘరోగంతో పోరాడుతున్నవారికి ఆ జీవితం కొండంత ధైర్యం. పాఠశాల గ్రంథాలయాల్లో ఇటువంటి రచయితల పుస్తకాలకు చోటు దక్కితే, మన పల్లె విద్యార్థుల ఊహలకూ రెక్కలు వస్తాయి.