పత్తికొండలో సర్ థామస్ మన్రో

దత్తమండలముల రైతులు చిరకాలము మరువని దొర సర్ థామస్ మన్రో. ఆయన 1761 మే 27వ తేదీన స్కాట్లాండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరుటకు మద్రాసు వచ్చెను.

1800లో నిజాము బళ్లారి, కడప మొదలగు మండలములను కంపెనీకి దత్తము చేసెను. మన్రో వానికి ప్రధాన కలెక్టరై ఏడేండ్లు పనిచేసెను. పాలెగాండ్ర నణచెను. గుడారములలో నివసించుచు గ్రామగ్రామము తిరిగి భూములు కొలిపించెను. మధ్యవర్తి లేక రైతే నేరుగా సర్కారుకు శిస్తు చెల్లించు రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. ఆ శిస్తు అధికమని గ్రహించి, నాలుగవ వంతు తగ్గింపవలెనని 1807లో తానే సిఫారసు చేసెను. 1820లో మద్రాసు గవర్నరయ్యెను.

1827లో స్వదేశమునకు మరలుటకు ముందు, తానెరిగిన ప్రజలను కడసారి చూడగోరి దత్తమండలములకు బయలుదేరెను. అప్పుడా ప్రాంతమున కలరా వ్యాపించి యుండెను. గుత్తి దాటి పత్తికొండ చేరిన జూలై 6వ తేదీ ఉదయమే వ్యాధి సోకెను. ఆ రాత్రియే ఆయన మరణించెను.

అంత దృఢకాయుడు ఒక్క దినములో కూలుటకు కారణమేమి? కలరా క్రిములు ప్రేవులలో విడుచు విషము శరీరమునందలి నీటిని, లవణములను వెలికి తోడివేయును. వ్యాధి తీవ్రమైనచో గంటకొక లీటరు నీరు పోవచ్చును. రక్తము చిక్కబడును, నాడి క్షీణించును. పోయిన నీటిని మరల నింపుటయే చికిత్స. కాని ఆనాటి వైద్యులలో పలువురు, చిక్కబడిన ఆ రక్తమునే ఇంకను తీయుచుండిరి.

మన్రో గతించిన అయిదేండ్లలోపే ఓషానెస్సీ అను యువవైద్యుడు ఇంగ్లండులో కలరా రోగుల రక్తమును పరీక్షించి, అందు నీరును లవణములును తగ్గినవని కనుగొనెను. 1832లో థామస్ లాట్టా అను వైద్యుడు, మన్రో జన్మించిన స్కాట్లాండులోనే, రోగుల సిరలలోనికి ఉప్పునీ రెక్కించి కొందరిని బ్రతికించెను. ఆ మార్గము చాలకాలము మరుగున పడెను. ప్రేవులు చక్కెరతోపాటు ఉప్పును, వానితో నీటిని గ్రహించునని ఇరువదవ శతాబ్దమున తెలిసెను. 1971లో బంగ్లాదేశ్ కాందిశీకుల శిబిరమున డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, లవణములు కలిపిన నీటిని త్రాగించి ఎందరినో కాపాడెను.

మన్రో దేహమును మొదట గుత్తిలో ఖననము చేసి, 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించిరి. పత్తికొండలో ఆయన స్మారకముగా సర్కారువారు తోపు వేయించి, రాతిమెట్ల బావి కట్టించిరి. శరీరమున నీరు ఇంకి మరణించిన వాని పేర బాటసారులకు నీరు దొరకెను. నేడు పల్లెటూరి ఆసుపత్రిలో పసిబిడ్డకు సైతము లభించు లవణముల పొట్లము, ఆనాడు రాజధాని నేలిన గవర్నరునకు లభింపలేదు.