విశ్వేశ్వరయ్యను పూణే పంపిన మాస్టారు

మోక్షగుండం విశ్వేశ్వరయ్య అనగానే కృష్ణరాజ సాగరం, భారతరత్న గుర్తుకొస్తాయి. ఆయనను ఇంజినీరింగు వైపు నడిపించిన చార్లెస్ వాటర్స్ పేరు చాలామందికి తెలియదు. సరిహద్దు తెలుగు బడుల్లో పాఠాలు చెప్పే మాలాంటివారికి ఆ రెండో పేరే ఎక్కువ పనికొస్తుందని మా నమ్మకం.

విశ్వేశ్వరయ్యగారి పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఆయన పుట్టింది చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లిలో. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, అచ్చం మన కెంచనగుడ్డ పిల్లల్లాగే. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడే గానీ ఆస్తిపరుడు కాదు. కొడుకు బడిలో ఉండగానే కన్నుమూశారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చేరాక విశ్వేశ్వరయ్య ఒక కొడగు కుటుంబం పిల్లలకు ట్యూషన్ చెబుతూ చదువుకున్నారు.

ఆ కాలేజీ ప్రిన్సిపాలే వాటర్స్. లెక్కల్లో ఈ కుర్రాడి పదును ఆయన కంటపడింది. భేష్ అని భుజం తట్టి ఊరుకున్నా ఎవరూ తప్పుపట్టరు. మనలో ఎక్కువమంది అక్కడే ఆగుతాం కూడా. 1881లో బీఏ పూర్తయ్యేసరికి పై చదువుకు ఇంట్లో డబ్బు లేదు. వాటర్స్ ఆ సంగతి మైసూరు దివాన్ రంగాచార్లు చెవిన వేశారు. సర్కారు ఉపకార వేతనం మంజూరైంది. పూణే సైన్స్ కాలేజీలో ఇంజినీరింగు చదివి 1883లో మొదటి స్థానం తెచ్చుకున్న విశ్వేశ్వరయ్యకు, మరుసటి ఏడాదే బొంబాయి ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజినీరు కొలువు దొరికింది.

అసలు చదువు అక్కడ మొదలైంది. ధూళే ప్రాంతంలో పంజ్రా ఏటి కింద పైపుల గుండా నీటిని దాటించే పనిని వానాకాలంలో, వరదల మధ్య చేయాల్సి వచ్చింది. 1903లో పూణే దగ్గర ఖడక్‌వాస్లాలో ఆయన పెట్టించిన గేట్లు నీటిమట్టం పెరిగితే వాటంతటవే తెరుచుకుని, తగ్గితే మూసుకునేవి. గేటంటే ఏమిటో మన ఏటి ఒడ్డువారికి వేరే చెప్పనక్కర్లేదు. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోతే, నీరు పారుతుండగానే అక్కడ స్టాప్‌లాగ్‌లు దింపించిన కన్నయ్యనాయుడు కూడా తెలుగువారే.

తర్వాతి కథ తెలిసిందే: హైదరాబాదులో మూసీ వరద పనులు, 1912లో మైసూరు దివాన్ పదవి, 1917లో బెంగళూరు ఇంజినీరింగు కాలేజీ. మాకు అంతకన్నా నచ్చేది 1943 నాటి సంగతి. భద్రావతి ఇనుప కర్మాగారం నుంచి తనకు రావలసిన సొమ్ముతో బెంగళూరులో చేతిపని నేర్పే సంస్థ పెట్టించారు. అదే నేటి జయచామరాజేంద్ర పాలిటెక్నిక్. నూరేళ్లు దాటి, 1962లో ఆయన కన్నుమూశారు.

ఇక మన ఊరి లెక్క. పదో తరగతి అయిన పిల్లవాడు నాట్లకు వెళితే సాయంత్రానికి కూలి చేతికొస్తుంది. ఐటీఐ, డిప్లొమా చదివి, తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీ లాంటిచోట అప్రెంటిస్‌గా చేరితే మొదట వచ్చేది స్టైపెండే. అన్నాళ్లు ఇల్లు ఆగగలదా అన్నది తల్లిదండ్రుల ప్రశ్న. అది న్యాయమైనదే. స్కాలర్‌షిప్పు ఎక్కడుంది, గడువెప్పుడు, కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉన్న ఫారం ఎలా నింపాలి అన్నవి వాళ్ల పక్కన కూర్చుని చూడవలసింది మేమే.

సెప్టెంబరు 15 ఆయన పుట్టినరోజు, ఇంజినీర్ల దినోత్సవం. ఈసారి ఉపన్యాసాలు తగ్గించి, తొమ్మిదో తరగతి పిల్లలను సిరుగుప్పలో ఒక రైస్‌మిల్లుకు, కాలువ తూము దగ్గరికి తీసుకెళ్లాలనుకుంటున్నాం. అమ్మానాన్నలు కూడా రావచ్చు. ముందురోజు చెబితే ఆటోలు మాట్లాడతాం.