కొండ మీద మాస్టారు, కమిటీలో ఎవరు?

మా కోటబొమ్మాళి వైపు శ్రీకాకుళ పోరాటం మాటొస్తే పెద్దవాళ్ల నోట ముందు వచ్చే పేరు సత్యం మాస్టారు. ఇంతటి మనిషికి జనం దక్కారు. ఆ జనం తలరాతను తేల్చే నిర్ణయాలు మాత్రం చివరికి వాళ్ల చేతుల్లో లేకుండా పోయాయి. ఎందుకు?

వెంపటాపు సత్యనారాయణ గిరిజనుడు కాదు. బడిపంతులుగా పార్వతీపురం ఏజెన్సీకి వచ్చారు. జాతాపులు, సవరలు అడవి కొట్టి చదును చేసుకున్న భూములు అప్పు కింద షావుకార్లకు పోయిన కాలమది. చింతపండుకు షావుకారు చెప్పిందే ధర. ఫారెస్టు గార్డుకు మామూలు ఇవ్వకపోతే పోడు లేదు. అప్పు తీరనివాడు ఏళ్ల తరబడి పాలికాపుగా పడి ఉండాలి.

ఆయన వాళ్ల ఊళ్లలో ఉన్నారు, వాళ్ల మాట నేర్చుకున్నారు. ఒక జాతాపు మహిళను, ఒక సవర మహిళను పెళ్లాడారని చరిత్ర చెబుతుంది. రెండు తెగలను కలిపిన వంతెనగా ఆ పెళ్లిళ్లను మెచ్చుకుంటారు గానీ, ఆ ఇద్దరు స్త్రీల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. గిరిజన సంఘం కూలి పెంచమంది, మామూళ్లు ఆపమంది, భూములు తిరిగి ఇమ్మంది. కొంత సాధించింది కూడా. ఆయన నాయకత్వం ఈ రోజువారీ పనిలోంచే పుట్టింది.

1967 అక్టోబర్ 31న మొండెంఖల్లు సభకు వెళుతున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. మరుసటి ఏడాది కోర్టు నిందితులను వదిలేసింది. న్యాయం మీద మిగిలిన కాస్త ఆశా అక్కడ పోయింది. 1968 నవంబర్ 25న పెదగొట్టిలిలో వందలాది గిరిజనులు ఒక భూస్వామి ఇంటిపై పడి ధాన్యం పట్టుకెళ్లారు, అప్పు పత్రాలు కాల్చేశారు.

అప్పటికే జిల్లా నాయకత్వం చారు మజుందార్ బాట పట్టింది. 1969 ఏప్రిల్ 22న సీపీఐ(ఎంఎల్) ఏర్పడింది. వర్గశత్రు నిర్మూలన ముందుకొచ్చింది, సంఘం పని వెనక్కి పోయింది. వందల మంది కదలాల్సిన చోట చిన్న దళాలు మిగిలాయి. మాస్టారిని ఇక్కడ అమాయకుణ్ణి చేయనక్కర్లేదు. ఆ బాటను ఆయనా ఒప్పుకున్నారు. కానీ దాన్ని గీసింది కలకత్తా. తప్పనిపిస్తే కొండ మీది సవర రైతు దాన్ని మార్చగల చోటు ఎక్కడా లేదు.

1969 మే 27న పంచాది కృష్ణమూర్తిని, డిసెంబర్ 22న సుబ్బారావు పాణిగ్రాహిని పోలీసులు చంపారు. 1970 మేలో పార్టీ కాంగ్రెస్ సత్యాన్ని, ఆదిభట్ల కైలాసాన్ని కేంద్ర కమిటీలోకి తీసుకుంది. రెండు నెలలు తిరక్కుండానే, జులై 10న, ఇద్దరూ చనిపోయారు. పోలీసులు ఎన్‌కౌంటర్ అన్నారు. పట్టుకుని కాల్చారని ఉద్యమకారులు అన్నారు. కమిటీలో ఈ ఇద్దరికీ చోటు దొరికింది, కానీ ఇద్దరూ గిరిజనులు కారు. తుపాకీ ముందు నిలబడ్డవాళ్లలో ఎక్కువమంది గిరిజనులే.

ప్రతిభ ఉన్నవాళ్లు ఓడిపోవడానికి దారి ఒక్కటే కాదు. 1952లో ఉత్తర బొంబాయిలో అంబేడ్కర్ కాంగ్రెస్ అభ్యర్థి కాజ్రోల్కర్ చేతిలో ఓడిపోయారు, 1954లో భండారాలో మళ్లీ ఓడిపోయారు. రిజర్వుడు సీటులోనూ గెలుపు ఎవరిదో తేల్చింది దళితేతరుల ఓట్లే. అక్కడ తన జనం గొంతు ఓట్ల లెక్కలో మునిగిపోయింది. ఇక్కడ పార్టీ గీతలో మునిగిపోయింది. రెండుచోట్లా లోపం మనిషి తెలివిలోనో ధైర్యంలోనో లేదు. నిర్ణయం జరిగే గదిలో అతని జనానికి కుర్చీ లేదు.

పోరాటం వట్టిగా పోలేదు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1/70 చట్టం వచ్చింది ఆ రోజుల్లోనే, 1970 ఫిబ్రవరిలో. దాన్ని నీరుగార్చే ప్రయత్నాలు ఈనాటికీ ఆగలేదు. కాపాడుకోవాలంటే సంఘం కావాలి, సంఘానికి నాయకులు కావాలి.

సత్యం మాస్టారిని తలుచుకునే మనం మన సంఘాల వైపు కూడా ఒకసారి చూసుకోవాలి. జెండా మోసేది ఎవరు, తీర్మానం రాసేది ఎవరు? ఆ రెండు పేర్లూ ఒకే వాడలోంచి వచ్చినప్పుడే మాస్టారు మొదలుపెట్టిన పాఠం పూర్తవుతుంది.