బాలనటుల గురువు చిత్తజల్లు పుల్లయ్యగారు

తెలుగునాట చలనచిత్రకళకు పునాదులు వేసిన పెద్దలను లెక్కించునపుడు కాకినాడ వాస్తవ్యులగు చిత్తజల్లు పుల్లయ్యగారిని తొలి వరుసలోనే చెప్పవలసి యున్నది. 1898లో జన్మించి 1967లో కీర్తిశేషులైన ఆయన పేరు చెప్పగానే 'లవకుశ' స్ఫురించును. అయినను ఆయన చేసిన సేవలో ముఖ్యమగు నంశము నొకదానిని లోకము తగినంతగా గుర్తించినట్లు తోచదు. పసివారిని నవ్వులాటకు గాక, కథాభారము నంతయు మోయుటకు నియోగించి కృతార్థులైన దర్శకులలో ఆయన అగ్రగణ్యులు.

మూకచిత్రముల కాలముననే ఆయన కాకినాడలో 'భక్త మార్కండేయ'ను తీసిరి. మృత్యువునకు వెరవక శివుని నమ్ముకొనిన బాలుని కథ యది. పిదప 1932లో 'భక్త ప్రహ్లాద'తో తెలుగు చిత్రమునకు మాట వచ్చెను గాని, మాటాడు చిత్రమును తీయదగిన స్టూడియో తెలుగుగడ్డపై ఆనాడు లేకుండెను. తెలుగు నటులు తట్టాబుట్టా సర్దుకొని బొంబాయికో కలకత్తాకో పోవలసి వచ్చెడిది. పుల్లయ్యగారును కలకత్తా చేరి, ఈస్టిండియా ఫిలిం కంపెనీ పక్షమున 1933లో 'సావిత్రి'ని, 1934లో 'లవకుశ'ను నిర్మించిరి.

వాల్మీకి ఉత్తరకాండమున కుశలవులు రామకథను గానము చేయుదురే గాని తండ్రితో యుద్ధము చేయరు. ఆ పోరాటము పద్మపురాణాదులనుండి మన నాటకములలోనికి దిగివచ్చినది. చిత్రమునందు పాటయు, పోరును రెండును బాలుర వంతునకే వచ్చినవి. కరుణరసమునకు శ్రీరంజనిగారి సీతయు, గాంభీర్యమునకు పారుపల్లి సుబ్బారావుగారి రాముడును ఉండవచ్చును. కాని ఆ బాలురు తడబడినచో ఉత్తరార్ధమంతయు కూలిపోవును. ఆ భారము మాస్టర్ భీమారావు, మాస్టర్ మల్లికార్జునరావు అను ఇరువురు పిల్లలపై పడినది.

నేడు ఒకరు పాడగా వేరొకరు పెదవి కదుపుట అందరును ఎరిగినదే. 1934లో ఆ సౌకర్యము లేదు. నటించువాడే పాడవలయును, యంత్రము ముందే పాడవలయును, వాద్యకాండ్రు కంటబడకుండ దాపున నుండి వాయింపవలయును. శ్రుతి తప్పినను, మాట మరచినను, చూపు చెదరినను ఆ ఘట్టమును మొదటినుండి తీయవలసినదే. పెద్దలకే కష్టమగు నీ పనిని పసివారిచే చేయించుటకు ఎంతటి యోర్పు వలయునో పాఠకులు ఊహింపగలరు. ఫలితము దేశమెల్ల చూచినది. పల్లెలనుండి జనులు బండ్లు కట్టుకొని పట్టణములకు వచ్చి ఆ చిత్రమును చూచిరి.

ఈ విజయముతో ఆయన మరియొక సాహసమునకు పూనుకొనిరి. 1936లో 'సతీ అనసూయ', 'ధ్రువ విజయము' అను రెండు కథలను ఒకే ప్రదర్శనముగా కూర్చి, పెద్దల పాత్రలను సైతము బాలబాలికలచేతనే ధరింపజేసిరి. అందు అనసూయగా నటించిన బాలిక కృష్ణవేణి. ఆమెయే 1947లో ఆయన 'గొల్లభామ'లో నాయిక యయ్యెను. 1949లో 'మనదేశం' నిర్మించి నందమూరి తారకరామారావుగారిని తొలిసారి తెరకు పరిచయము చేసెను. 1939లో కన్యాశుల్కమునకు తోబుట్టువగు వరకట్నమును ఖండించు 'వరవిక్రయము'ను పుల్లయ్యగారు తీసినపుడు, అందు కాళిందిగా నిలిచిన భానుమతిగారికి పదమూడు పదునాలుగేండ్లకు మించి లేవు. ఆయన నాటిన మొలకలు ఎంతటి వృక్షములైనవో దీనినిబట్టి తెలియగలదు.

వార్ధక్యమున ఆయన 'లవకుశ'ను మరల, ఈసారి వర్ణములలో, చేపట్టిరి. రాముడు తారకరామారావుగారు, సీత అంజలీదేవిగారు, కుశలవులు సుబ్రహ్మణ్యము, నాగరాజు అను బాలురు. ధనము చాలక నిర్మాణము నడుమ నిలిచిపోయెను. ధనము కొరకు కొండలు వేచియుండును, కోటలు వేచియుండును; పిల్లల వయస్సు వేచియుండునా? ఒక యేడు గడచిన బాలుని ఎత్తు మారును, ముఖము మారును. పెద్దలతో తీయు చిత్రము ఆగిన నష్టము ధనము మాత్రమే. బాలురతో తీయు చిత్రము ఆగిన కథయే చేజారును. ఇంతలో పుల్లయ్యగారి యారోగ్యమును సహకరింపలేదు. అపుడు ఆయన కుమారులు సి. ఎస్. రావుగారు తండ్రి విడిచిన పనిని అందుకొని ముగించిరి. ఘంటసాలవారి సంగీతముతో, లీల, సుశీలగార్లు బాలురకు గళమీయగా 1963లో విడుదలయైన ఆ చిత్రము తెలుగున సంపూర్ణముగా వర్ణములలో వచ్చిన మొదటిది. తండ్రీకొడుకుల కథ తండ్రీకొడుకుల చేతులమీదుగానే పూర్తియైనది.

రెండవ లవకుశ కీర్తిలో తారల పేర్లు మారుమ్రోగినవి. దర్శకుని పేరు వెనుకబడినది. అది సహజమే కావచ్చును గాని న్యాయము కాదు. అంతకంటె విచారింపదగిన దింకొకటి కలదు. పిల్లలచే పెద్దల చేష్టలు చేయించి, వెకిలిమాటలు పలికించి, నవ్వించుటయే బాలనటనమను భ్రాంతి మన చిత్రములలో తరచుగ కాననగును. మార్కండేయుని ధైర్యమును, ధ్రువుని పట్టుదలను, కుశలవుల యభిమానమును బాలుర ముఖములందే చూపవచ్చునని పుల్లయ్యగారు నిరూపించి పోయిరి. బాలుని గౌరవించినవాడే వానినుండి రసమును పిండగలడు. ఆ మార్గమును మరల పట్టుటయే మనము ఆయనకు చెల్లింపదగిన నిజమైన నివాళి.